తినని చక్కెర ఎక్కడిది?



ఈవేళ నేను చెప్పబోయేది మన వంట్లో చక్కెర ఎలా ఖర్చవుతుంది, ఆ ఖర్చుకు పగ్గాలు ఎవరి చేతిలో వుంటాయి అన్న సంగతి. దీన్ని రసాయనశాస్త్రం పాఠంలా మొదలుపెడితే మీరు రేడియో కట్టేసి పప్పులో పోపు వేసుకోవడానికి వెళ్ళిపోతారని నాకు తెలుసు. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక చిన్న తగాదాతో మొదలుపెడతాను. చిన్నదన్నానే గాని, ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు.

మా అత్తగారికి షుగరు వ్యాధి వచ్చి పదకొండేళ్ళయింది. రాత్రి ఏడున్నరకల్లా రెండు పుల్కాలు, కాసింత కూర, పలచటి మజ్జిగ. అంతే ఆవిడ భోజనం. పడుకోబోయే ముందు వేలు గుచ్చి చూస్తే 140కి అటూ ఇటూ వుండేది. తెల్లవారి లేచాక, ఇంకా కాఫీ చుక్క నోట్లో పడకముందు చూస్తే 176. మర్నాడు 182. రాత్రంతా ఏమీ తినని మనిషికి తెల్లారేసరికి చక్కెర తగ్గాలి గాని పెరగడమేమిటి? మావారు నా వంక చూశారు. నేను అలమారలో వున్న సున్నుండల డబ్బా వంక చూశాను.

లెక్కపెట్టాను కూడా. ఇరవై రెండు వుండాలి, ఇరవై వున్నాయి. ఆ రెండూ మా అబ్బాయి స్కూలుకు జేబులో వేసుకుపోయాడని తరువాత తెలిసింది గాని, అప్పటికే నేను నోరు జారాను. “అత్తయ్యగారూ, రాత్రి లేచి ఏమైనా నోట్లో వేసుకున్నారా?” అని అడిగేశాను. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నుంచి రెండు పుల్కాలను ఒకటి చేసుకున్నారు. పొద్దున్న చూస్తే 184.

కాలేజీలో ఆడపిల్లలకు ఇరవై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. ఈ జవాబు నేను నల్లబల్ల మీద ఎన్నోసార్లు వ్రాసి తుడిచిందే. ఇంట్లో మాత్రం తట్టలేదు. సున్నుండల డబ్బాయే తట్టింది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. పెద్దవాళ్ళ వంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఆరోగ్యంగా వున్న మనిషికి పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో 90 మిల్లీగ్రాముల గ్లూకోజు వుందనుకుందాం. మొత్తం రక్తంలో వున్నది నాలుగున్నర గ్రాములన్నమాట. అంటే ఒక్క కాఫీ చెంచాడు! ఇంత మనిషి వంట్లో తిరిగే రక్తంలోని చక్కెర అంతా ఒక్క చెంచాలో పడుతుంది.

మరి ఖర్చు? మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. గంటకు 5 గ్రాములు. మనం నిద్రపోయినా అది నిద్రపోదు. దానికి తోడు ఎర్ర రక్తకణాలున్నాయి. వాటికి గ్లూకోజు తప్ప మరో ఆహారమే లేదు. ఇక ఆ చెంచాడు చక్కెర గంట కూడా రాదు. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి పడుకున్న మనిషి మర్నాడు ఆరింటికి చక్కగా లేచి ముగ్గు వేసుకుంటోందంటే, రాత్రంతా ఎవరో వెనక నుంచి చెంచా చెంచా పోస్తున్నారన్నమాటే కదా!

ఆ పోసేవారి సంగతికి వస్తాను. ముందు ఖర్చు ఎలా జరుగుతుందో చెప్పనివ్వండి. అది తెలియకపోతే ఇది తెలియదు.

చక్కెరను మూకుట్లో వేసి పొయ్యి మీద పెట్టండి. కరుగుతుంది, ఎర్రబడుతుంది, మరికాస్త ఆగితే మాడి పొగ లేస్తుంది. ఆ మాడడానికి మూకుడు 150 డిగ్రీలు దాటి వేడెక్కాలి. మన వంట్లో వున్న వేడి 37 డిగ్రీలు. అంత గోరువెచ్చదనంలో అదే చక్కెర ఆఖరికి బొగ్గుపులుసు వాయువుగానూ నీళ్ళుగానూ మారిపోతోంది, పొగా లేదు, మంటా లేదు. ఇది చేసేవే ఎంజైములు. ఇవి ఒక జాతి మాంసకృత్తులు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికే పుట్టింది. చక్కెర అణువు వచ్చి దాని గుంటలో సరిగ్గా కూర్చుంటే, మామూలుగా గొప్ప వేడి వుంటే గాని జరగని మార్పు అక్కడ ఇట్టే జరిగిపోతుంది. పని అయ్యాక ఎంజైము చెక్కుచెదరకుండా మిగులుతుంది, తరువాతి అణువుకు చోటిస్తుంది.

ఎంజైము అన్న మాటకు గ్రీకు భాషలో అర్థం “పులిసిన పిండిలో వున్నది” అని. ఇడ్లీపిండి రుబ్బి రాత్రి మూత పెట్టేవాళ్ళకు ఇంతకన్నా దగ్గరి మాట ఏముంది! కాకపోతే చాలాకాలం ఒక అనుమానం వుండేది. పులవడానికి లోపల ప్రాణమున్న సూక్ష్మజీవి వుండి తీరాలా, లేక దానిలోని పదార్థం చాలా అని. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ అనే ఆయన ఈస్టును ఇసుకతో కలిపి నూరి, గుడ్డలో చుట్టి గట్టిగా వత్తి రసం తీశాడు. అందులో ప్రాణమున్న కణం లేదు. రసం చెడిపోకుండా వుండడానికి, మనం మామిడి మురబ్బాలో వేసినట్టు, బాగా చక్కెర కలిపి వుంచాడు. తీరా చూస్తే నిల్వ వుండాల్సిన రసం బుడగలు కడుతోంది! కణం చచ్చిపోయినా దాని ఎంజైములు చక్కెరను విరగ్గొడుతూనే వున్నాయి. దీనికి ఆయనకు 1907లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ తరువాత ఇంకో నలభై ఏళ్ళు ఎందరో పనిచేస్తే తేలిందేమిటంటే, గ్లూకోజు ఒక్క దెబ్బతో విరగదు. మొదటి దశలోనే పది మెట్లున్నాయి. పది మెట్లకు పది ఎంజైములు. పదో మెట్టు దిగేసరికి ఒక గ్లూకోజు అణువు రెండు ముక్కలవుతుంది. గాలి అందుతూంటే ఆ ముక్కలు కణంలోనే మరో గదిలోకి పోయి పూర్తిగా దహనమవుతాయి. గాలి చాలకపోతే లాక్టిక్ ఆమ్లంగా నిలిచిపోతాయి. పెరుగు పుల్లబడడానికి కారణమైన ఆమ్లమే ఇది.

ఇన్ని మెట్లు ఎందుకంటారా? నెలజీతం ఒక్కరోజే ఖర్చుపెట్టేస్తే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. దఫాలవారీగా విరిగితేనే, వచ్చే శక్తిని కణం చిల్లరగా దాచుకోగలదు. ఆ చిల్లర పేరు ఏటీపీ. కండరం ముడుచుకోవాలన్నా, మెదడు ఆలోచించాలన్నా చెల్లించేది ఈ నాణెమే. ఈ ఏటీపీని మొదట కనుక్కున్నవారిలో మన తెలుగువారున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, కండరంలో శక్తి నిల్వకు సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఏటీపీని 1929లోనూ బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మన వంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ వంద గ్రాములు కూడా వుండదట. కాని ఖర్చయ్యీ మళ్ళీ తయారయ్యీ రోజంతా చేతులు మారేది మన బరువంత వుంటుందని లెక్క కట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. ఎంజైము వుంటే పని జరుగుతుంది, సరే. మరి ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారు? దొరికిన చక్కెరనల్లా విరగ్గొట్టుకుంటూ పోతే పడుకున్న మనిషికీ, బిందె ఎత్తుకుని మేడ మెట్లెక్కే మనిషికీ ఒకే ఖర్చు అవ్వాలి. అలా అవడం లేదు. ఈ వింత మొదట కనిపించింది పాశ్చర్ గారికి. 1861లోనే ఆయన, గాలి తగిలితే ఈస్టు చక్కెరను తక్కువగా వాడుకుంటుందని గమనించాడు. గాలి వుంటే ఒక్కొక్క గ్లూకోజు నుంచి ఎక్కువ నాణేలు వస్తాయి, కాబట్టి తక్కువ చక్కెరతోనే గడుస్తుంది. ఈస్టుకు ఈ పొదుపు ఎవరు నేర్పారు?

మీ డాబా మీద నీళ్ళ ట్యాంకు వుంటుంది కదా. అందులో ఒక బంతి తేలుతూంటుంది. నీళ్ళు నిండిన కొద్దీ బంతి పైకి లేచి కుళాయిని మూసేస్తుంది. నీళ్ళు వాడితే బంతి దిగుతుంది, కుళాయి తెరుచుకుంటుంది. కాపలా మనిషి అక్కర్లేదు, నిండిన నీళ్ళే కుళాయిని కట్టేస్తాయి. కణంలోనూ అచ్చం ఇదే ఏర్పాటు. పది మెట్లలో మూడు మెట్లకు ఇలాంటి కుళాయిలున్నాయి. అందులో పెద్దది మూడో మెట్టు. అక్కడి ఎంజైము పేరు ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్. పేరు పొడుగైనా పని సులువుగానే అర్థమవుతుంది. దానికి పనిచేసే చెయ్యి ఒకచోట వుంటే, కబురు వినే చెవి మరోచోట వుంది. కణంలో ఏటీపీ దండిగా వుంటే, ఆ ఏటీపీయే వచ్చి చెవి దగ్గర చేరుతుంది. ఎంజైము ఆకారం కాస్త మారుతుంది, చెయ్యి పట్టు సడలుతుంది, చక్కెర విరగడం నెమ్మదిస్తుంది. నాణేలు ఖర్చయిపోతే వాటి చిల్లర తునకలు మిగులుతాయి. ఏఎంపీ అంటారు. అవి చెవి దగ్గరకొచ్చి ఏటీపీ మాట కొట్టేస్తాయి. వెంటనే చెయ్యి బిగుస్తుంది. మీరు బిందె ఎత్తిన మరుక్షణంలో మీ భుజంలో జరిగేది ఇదే.

మొదటి మెట్టు ఎంజైము హెక్సోకైనేజ్. గ్లూకోజు కణంలోకి అడుగుపెట్టగానే దానికి ఫాస్ఫేటు అనే బిళ్ళ తగిలిస్తుంది. బిళ్ళ తగిలించుకున్న గ్లూకోజు మళ్ళీ గుమ్మం దాటి పోలేదు. అలా బిళ్ళలున్నవి లోపల పేరుకుపోతే అవే హెక్సోకైనేజ్‌ను ఆపుతాయి. ఇంట్లో కూరలుంటే మళ్ళీ సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళం కదా, అలాగ.

ఇంతవరకు చెప్పింది సొంత ఖర్చు చూసుకునే కణాల సంగతి. కాలేయం అలాంటిది కాదు. అది ఊరందరికీ పెట్టే వంటిల్లు. దాని ఎంజైములే వేరు. హెక్సోకైనేజ్‌కు బదులు అక్కడ గ్లూకోకైనేజ్ వుంటుంది. మెదడులోని హెక్సోకైనేజ్ 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాముల గ్లూకోజు కూడా లేకపోయినా చురుగ్గా పనిచేస్తుంది. గ్లూకోకైనేజ్ అయితే 140, 150 మిల్లీగ్రాముల దగ్గర గాని సగం వేగం కూడా అందుకోదు. అంటే రక్తంలో చక్కెర తక్కువగా వున్నప్పుడు కాలేయం చెయ్యి చాపదు. భోజనమయ్యాక, అందరికీ అందగా మిగిలినప్పుడే తీసుకుంటుంది. ఆడవాళ్ళు ఆఖర్న తినడం గొప్ప అని చెప్పడానికి ఈ పోలిక తేవడం లేదు సుమండీ. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం.

అలా తీసుకున్నదాన్ని కాలేయం గ్లైకోజెన్ అనే పిండిగా దాస్తుంది. కడుపునిండా తిన్నాక సుమారు 100 గ్రాముల దాకా దాచగలదు. రాత్రయ్యాక దాన్ని కొంచెం కొంచెం విప్పి రక్తంలోకి వదులుతుంది. ఆ విప్పే ఎంజైమును పట్టుకుని, దానికీ ఆపే తీరూ నడిపే తీరూ వున్నాయని చూపించినవారు గెర్టీ కోరీ, ఆవిడ భర్త కార్ల్ కోరీ. గెర్టీ 1896లో ప్రాగ్ నగరంలో పుట్టారు. 1922లో అమెరికా వెళ్ళారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఒకే పని చేసినా, సెయింట్ లూయీస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆవిడకు ఇచ్చింది సహాయకురాలి ఉద్యోగం, భర్త జీతంలో పదోవంతు జీతం. 1947లో గాని ప్రొఫెసర్ని చెయ్యలేదు. ఆ ఏడే వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ బహుమానం అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

కాలేయం దగ్గర ఇంకో ఎంజైము వుంది. ఇందాక చెప్పిన బిళ్ళను ఊడదీసి గ్లూకోజును గుమ్మం దాటించేది. కండరానికి ఇది లేదు. అందుకే కండరం దాచుకున్నది కండరానికే. ఈ ఎంజైము పుట్టుకతోనే లేని పిల్లలుంటారని 1952లో కోరీ దంపతులు కనుక్కున్నారు. అలాంటి బిడ్డకు కాలేయం నిండా నిల్వ వుంటుంది, కాని రెండు మూడు గంటలు ఏమీ పెట్టకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్సు కూడా వస్తాయి. ఆ తల్లులకు రాత్రి నిద్ర వుండేది కాదు. 1980ల నుంచి ఇలాంటి పిల్లలకు పచ్చి కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి, వైద్యులు చెప్పిన కొలత ప్రకారం పడుకునే ముందు ఇస్తున్నారు. ఉడకని పిండి కడుపులో నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి, కాలేయం చెయ్యలేని పనిని కొన్ని గంటలపాటు అది చేస్తుంది. కాలేయం రాత్రిపూట చేసే వడ్డన ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

నిల్వ ఒక్కటే కాదు, కాలేయం గ్లూకోజును కొత్తగా కూడా తయారుచేస్తుంది. కండరాలూ ఎర్రకణాలూ వదిలిన లాక్టిక్ ఆమ్లం నుంచి, కొవ్వు కరిగితే వచ్చే గ్లిసరిన్ నుంచి, మాంసకృత్తుల నుంచి. దారి దాదాపు అవే మెట్లు, కిందనుంచి పైకి. మరి ఒకే మెట్ల మీద ఒకరు ఎక్కుతూ ఒకరు దిగుతూ వుంటే శక్తి దండగే కదా? అందుకే ఒకవైపు తెరిస్తే రెండోవైపు మూసే ఏర్పాటు వుంది. ఆ ఏర్పాటులో ముఖ్యమైన కీలకాన్ని 1980లో బెల్జియం దేశంలో హెర్స్, వాన్ షాఫ్టింగెన్ అనే ఇద్దరు పట్టుకున్నారు. అది ఫ్రక్టోజ్ 2,6 బిస్ఫాస్ఫేట్ అనే చిన్న పదార్థం. మీరు ఆ పేరు మరిచిపోండి, “చీటీ” అని గుర్తుపెట్టుకోండి. చీటీ వుంటే మూడో మెట్టు ఎంజైము చక్కెరను విరగ్గొడుతుంది, కొత్త తయారీ ఆగుతుంది. చీటీ లేకపోతే విరగ్గొట్టడం తగ్గి తయారీ మొదలవుతుంది. చీటీ వ్రాసే చెయ్యీ, చింపే చెయ్యీ ఒకే ఎంజైముకు వుండడం ఇందులో తమాషా.

వ్రాయమని చెప్పేది ఇన్సులిన్. భోంచేశాక క్లోమగ్రంథి నుంచి వస్తుంది, “ఇంట్లో తిండి వచ్చింది, తయారీ ఆపండి” అని కబురు. చింపమని చెప్పేది గ్లూకగాన్. అదీ క్లోమం నుంచే, ఆకలి వేళ వస్తుంది. మంచి ఆరోగ్యం వున్నవారిలో రాత్రంతా కాలేయం గంటకు 7, 8 గ్రాముల చొప్పున, అంటే రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా సుమారు 60 గ్రాములు, చెంచాలు కొలిస్తే డజను, రక్తంలోకి పోస్తుంది. వంట్లోని కణాలు అంతే వాడుకుంటాయి. అందుకే తెల్లారేసరికి రక్తంలో మళ్ళీ ఆ ఒక్క చెంచాడే.

ఇప్పుడు మా అత్తగారి దగ్గరకు రండి. షుగరు వ్యాధిలో ఇన్సులిన్ చాలదు, లేదా వున్నా కాలేయానికి దాని మాట సరిగా వినపడదు. కబురు అందని కాలేయం ఏమనుకుంటుంది? ఇంట్లో అందరూ పస్తున్నారనుకుంటుంది. రక్తంలో చక్కెర పొంగిపొర్లుతున్నా సరే, చీటీలు చింపుకుంటూ, మెట్లు పైకి ఎక్కించుకుంటూ ఇంకా ఇంకా తయారుచేస్తుంది. కొత్త తయారీకి కావలసిన ఎంజైముల సంఖ్యను కూడా పెంచుకుంటుంది. దీనికి తోడు తెల్లవారుజామున, మనం లేవబోయే ముందు, వంట్లో కార్టిసాల్ వంటి మరికొన్ని హార్మోనులు సహజంగానే పెరుగుతాయి. అవి కాలేయాన్ని “ఇంకా వడ్డించు” అంటాయి. మామూలు మనిషిలో ఇన్సులిన్ కాస్త పెరిగి సర్దేస్తుంది. ఈవిడలో సర్దేవారు లేరు. 140తో పడుకుని 180తో లేవడానికి నోట్లో ఏమీ పడక్కర్లేదన్నమాట. రక్తం వరకు లెక్క చూస్తే 40 మిల్లీగ్రాముల పెరుగుదల అరచెంచా కూడా కాదు. డజను చెంచాలు పోసే చెయ్యి అంతమాత్రం తొణకడానికి ఎంతసేపు!

పుల్కా తగ్గించుకున్నా తగ్గకపోవడానికీ ఇదే కారణం. అది రాత్రి తిన్నదాని లెక్క కాదు, రాత్రి తయారైనదాని లెక్క. పైగా మందు వేసుకునేవాళ్ళు అలా సొంతంగా తిండి మానేస్తే, కొన్ని రకాల మాత్రలతోనూ ఇన్సులిన్ సూదితోనూ రాత్రి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం వుంది. ఆ రెండు నెలలూ నేను ఆవిడను అటే తోస్తున్నానని తలుచుకుంటే నాకు ఇప్పటికీ వంట్లో జలదరిస్తుంది.

డాక్టరుగారు చెప్పింది చాలా చిన్న పని. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి, లేవగానే ఒకసారి, నాలుగు రోజులు చూసి వ్రాసుకు రమ్మన్నారు. మా లెక్క 142, 138, 178 ఇలా వచ్చింది. మూడింటికి మామూలుగా వుండి తరువాత పెరిగితే అది కాలేయం వడ్డన. మూడింటికే 70కి దిగువన వుంటే కథ వేరు. అప్పుడు రాత్రి మందు ఎక్కువైందేమో ఆలోచించాలి, పొద్దుటి అంకె చూసి మందు పెంచడం ప్రమాదం. అందుకే ఆ మూడింటి అంకె అంత ముఖ్యం. అలారం పెట్టుకుని లేచి ఆవిడ వేలు పట్టుకున్నది నేనే. మూడో రాత్రి గాని ఆవిడ నాతో మాట్లాడలేదు.

చాలామందికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా చేసే పని కూడా కాలేయంలోని ఈ కొత్త తయారీని తగ్గించడమే. అది ఎప్పుడు, ఎంత వేసుకోవాలన్నది డాక్టరుగారి నిర్ణయం. పక్కింటావిడ మాత్ర మనకు పనికిరాదు. భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నడవమనడానికి కూడా కారణం ఇప్పుడు మీకు తెలుసు. కండరం పనిచేస్తే నాణేలు ఖర్చయి తునకలు మిగులుతాయి, కుళాయిలు తెరుచుకుంటాయి. పైగా పనిచేసే కండరం ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజును లోపలికి లాక్కోగలదు.

లాబ్ పరీక్ష సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో ఇదీ జరిగింది. ఒకసారి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు, ఇంట్లో మీటరుకూ వాళ్ళ కాగితానికీ బాగా తేడా వచ్చింది, వాళ్ళదే తక్కువ. ఇంటి మీటరు మీద మాకు అనుమానం కలిగింది. సీసాలో పోసిన రక్తంలో కణాలు బతికే వుంటాయి, బుక్నర్ గారి రసంలాగే చక్కెరను తింటూనే వుంటాయి. మామూలు సీసాలో మామూలు వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అందుకే షుగరు పరీక్షకు బూడిదరంగు మూత వున్న గొట్టం వాడతారు. అందులోని ఫ్లోరైడు తొమ్మిదో మెట్టు ఎంజైమును పట్టి ఆపుతుంది. అయితే పై మెట్లు ఆగడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి ఆ గొట్టం కూడా త్వరగా లాబ్‌కు చేరాలి. రక్తం తీసిన అబ్బాయి పదిళ్ళు తిరిగి మధ్యాహ్నానికి చేరిస్తే ఆ అంకెను నమ్మకండి. ఏ గొట్టంలో తీస్తున్నాడో, ఎన్నింటికి చేరుస్తాడో అడగడానికి మొహమాటపడకండి.

మందు వేళ మార్చాక మా అత్తగారి పొద్దుటి అంకె 130కి దిగింది. ఆవేళ కూరగాయలు తరుగుతూ ఇదంతా, చీటీలతో సహా, ఆవిడకు చెప్పాను. అంతా విని, “అయితే దొంగ నా వంట్లోనే వుందన్నమాట” అన్నారు.

“దొంగ కాదు అత్తయ్యగారూ, వద్దన్నా వినపడక వడ్డించే వంటావిడ” అన్నాను.

“సరే, ఆవిణ్ణి కూడా ఎంచి చూసుకో మరి” అని నవ్వారు. ఆ రాత్రి రెండు పుల్కాలు తిన్నారు. సున్నుండల డబ్బాను నేను పైఅర నుంచి కిందకు దించాను.